గీత దాకా నీళ్లు

ఏప్రిల్ 12, 1987. ఆదివారం

ఈ డైరీ మా మేనల్లుడు జయచంద్ర ఇచ్చినాడు. అట్ట మీద మంచుకొండ బొమ్మ, దాని కింద నీళ్ల కంపెనీ పేరు. తిరుత్తణిలో పుట్టి పెరిగినవాడికి కొండంటే మెట్లుండాల, మెట్ల మీద గుండ్లు కొట్టించుకున్న జనముండాల. ఈ కొండ మీద ఒక్క పురుగు లేదు. జనవరి నుంచి మొన్నటిదాకా కాగితాలన్నీ ఖాళీ. చింపేద్దామనుకుని మానుకున్నా. జరగని దినాలు కూడా ఒక మూల పడుండనీ.

నేను బడికి పోయింది మూడో క్లాసు దాకా. మిగతా చదువంతా పొట్లాల కాగితాల మీద. అందుకే నాకు తెలిసిన కథల్లో సగానికి చివర్లు లేవు. శనగలు అయిపోయిన చోట కథ అయిపోతుంది.

రాసుకునే అవసరం ఇన్నాళ్లూ పడలేదు. నా అంగడికి వచ్చినవాడు సోడా తాగి ఖాళీ బుడ్డి నా చేతికిచ్చేదాకా కదలడానికి లేదు, అందాకా నా మాట వినక తప్పదు. ఆదికేశవులంటే ఎవరికీ తెలీదు గానీ, సోడా నాయుడంటే బస్టాండు దాకా తెలుసు. ఈ మధ్య నోరు తెరవాలంటే అలుపుగా ఉండాది. అందుకని కాగితం. నా పెండ్లాం వళ్ళియమ్మకు చదువు రాదు. దీన్ని దాచిపెట్టే పని కూడా లేదు.

జయచంద్ర తిరువళ్ళూరు స్టేషను దగ్గర ఏజెన్సీ పెట్టినాడు. పొద్దున ఒక ప్లాస్టిక్ సీసా తెచ్చి నా బల్ల మీద పెట్టినాడు, పెండ్లిచూపులకు పిల్లను కూర్చోబెట్టినట్టు.

"మామా, ఇది మినరల్ వాటరు."

"అంటే?"

"నీళ్లే. శుద్ధి చేసిన నీళ్లు. మూతకు సీలుంటాది. ఎవరి చెయ్యీ తగల్లేదని గ్యారంటీ."

ధర చెప్పినాడు. ఆ ధరకు నా దగ్గర పది సోడాలు తాగి, తేన్పుతా కొండెక్కి దిగి రావచ్చు.

"నీళ్లమ్మితే పాపం రా."

"నువ్వు నలభై ఏండ్లుగా అమ్మతా ఉండేది ఏంది మామా?"

"గాలి. నీళ్లు నేను ఊరికే ఇస్తా. గాలికి మాత్రమే దుడ్డు."

ఇది నా మాట కాదు. నాకు సోడా మిషను తిప్పడం నేర్పిన మునిరత్నం మేస్త్రీ మాట. దాహానికి నీళ్లడిగినవాడికి చెంబుతో బావినీళ్లు పోయాల, డబ్బు తీసుకోరాదు. సోడా అడిగితే తీసుకోవచ్చు, ఎందుకంటే మనం పట్టింది గాలి, వాడి కడుపులోంచి బయటికొచ్చేదీ గాలే. ఆ ధర్మం మీదే బతికినా.

లోపల మంచం మీద నుంచి వళ్ళియమ్మ నవ్వింది. ఆమె కాళ్లు కొంచెం వాచుండాయి. ఎండాకాలం కదా.

ఏప్రిల్ 15

వళ్ళియమ్మ మెట్టెలు తీసేసింది. వేళ్లకు బిగుసుకున్నాయంట. వెండి పాతబడితే బిగుస్తుందేమో.

ఏప్రిల్ 20

తిరువళ్ళూరు పోయినాం. ఆ ఊళ్లో వీరరాఘవస్వామినే వైద్యుడంటారు. ఆయనకు బయట నుంచే దండం పెట్టి, ఫీజు మాత్రం డాక్టరు శివప్రకాశానికి కట్టినాం. జయచంద్ర తోడొచ్చినాడు, చంకలో ఆ సీసా. వాడు సావుకు పోయినా ఒక సీసా తీసకపోతాడు, ఎవరికైనా చూపించొచ్చునని.

డాక్టరు వళ్ళియమ్మ కాలి మీద బొటనవేలితో నొక్కినాడు. గుంట పడింది. ఆ గుంట ఎంతసేపటికీ పూడలేదు. ముగ్గురం దాన్నే చూస్తా కూర్చున్నాం.

"పెరియవరే," అన్నాడు నన్ను. పెద్దాయనా అని మర్యాద. తమిళంలోనే చెప్పినాడు, మెల్లగా, అర్థమయ్యేటట్టు. మూత్రపిండాలు అలిసిపోయినాయి. లోపలికి పోయిన నీళ్లు బయటికి రావడం లేదు. ఇప్పుడు కాళ్లలో నిలబడింది. రేపు రొమ్ములో నిలబడితే ఊపిరాడదు. మద్రాసులో రక్తం కడిగే మిషను ఉండాది గానీ, ఈ వయసుకు, ఈ గుండెకు అది తాళదు. మాత్రలిస్తా. మాత్రల కంటే ముఖ్యం, నీళ్లు తగ్గించాల.

"ఎంతకు తగ్గించాల సామీ?"

డాక్టరు చుట్టూ చూసి జయచంద్ర ఒళ్లోని సీసా తీసుకున్నాడు. ప్లాస్టిక్ మీద పెన్ను పడలేదు. కాంపౌండరును పిలిచి, గాయానికేసే ప్లాస్టరు ముక్క ఒకటి దానికి అడ్డంగా అంటించి, దాని మీద గీత గీసినాడు.

"దినానికి ఇంత. కాఫీ, మజ్జిగ, రసం, మాత్ర మింగే గుక్క, అన్నీ ఇందులోనే. ఇది దాటితే నా దగ్గరికి తీసుకురావద్దు, నేరుగా పెద్దాసుపత్రికే తీసకపోండి."

గీత సీసాకు సగం కంటే కింద ఉండాది.

బస్సులో జయచంద్ర నా చెవిలో అన్నాడు, "చూసినావా మామా, డాక్టరే మన సీసా రాసిచ్చినాడు."

తన్నాలనిపించింది. వాడి ముఖం చూస్తే వాడూ ఏడవకుండా ఉండడానికే ఆ మాటన్నట్టు తెలిసింది.

ఏప్రిల్ 21

గీత దాకా.

ఏప్రిల్ 25

కాపురానికొచ్చిన కొత్తలో ఒక సేరు నూనెతో నెలంతా నెట్టుకొచ్చిన మనిషి ఈమె. ఇప్పుడు నీళ్లతో చేస్తా ఉండాది. సీసా మూతే ఆమెకు కొలత. పొద్దున నాలుగు మూతల కాఫీ. మాత్రకు ఒక మూత. అన్నంలోకి రసం బదులు పొడి, నంజుకోను వడియం. సాయంత్రానికి ఎక్కువ మిగుల్చుకుంటాది, ఎందుకంటే ఎండ పొద్దుటి కంటే మధ్యాహ్నం, మధ్యాహ్నం కంటే గోడలు వేడి కక్కే సాయంత్రం ఎక్కువ కాలుస్తుందంట. ఈ సంగతి నలభై ఏండ్లు దాహం మీద బతికిన నాకు తెలీదు.

నోరు పుక్కిలించుకోను మాత్రం బావినీళ్లిస్తా. పుక్కిలించి ఉమ్మిందా లేదా అని ఎదురుగా నిలబడి చూస్తా. దారినపోయేవాళ్లను పిలిచి పిలిచి తాగించినవాణ్ణి, ఇంట్లో కాపలా.

"అట్ల గుడ్లప్పగించి చూడొద్దయ్యా, ఉమ్మేది కూడా మింగబుద్ధి అయితాది," అనింది.

ఏప్రిల్ 30

ఊళ్లో కొళాయిలు ఎండినాయి. పూండి చెరువు పగుళ్లిచ్చిందని బస్సు కండక్టర్లు చెప్తా ఉండారు. వీధిలో ప్లాస్టిక్ బిందెలు వరసలో నిలబడుండాయి, మనుషులు నీడలో కూర్చోనుండారు. లారీ వస్తే బిందెలకంటే ముందు మాటలు తగులుకుంటాయి.

మా పెరటి బావిలో మాత్రం అడుగున నీటి కన్ను ఊరతా ఉండాది. ఈ బావి నీళ్లు కొబ్బరినీళ్ల మాదిరి ఉంటాయి, నా సోడాకు పేరొచ్చింది నా చేతివల్ల కాదు, దీనివల్ల. 1960లో మా ఊరిని ఆంధ్రాలో నుంచి తీసి మద్రాసులో కలిపినారు, అదీ సరిగ్గా ఏప్రిల్ ఒకటో తేదీన. జనం నమ్మలేదు, ఆటలనుకున్నారు. కచేరీ బోర్డు మారింది, పిల్లల బడిపుస్తకం మారింది. పొద్దున్నే బావి నీళ్లు తోడి తాగి చూసినా. నీళ్లకు సంగతి తెలిసినట్టు లేదు.

ఇదంతా ఎందుకు రాస్తా ఉండానంటే, ఊరంతా నీళ్లు లేక అల్లాడతా ఉంటే, నీళ్లున్న ఇంట్లో ఒక మనిషి నోరెండి పడుకోనుంది. బావిలో బకెట్ పడిన చప్పుడయితే గోడవైపు తిరుగుతాది.

మే 6

కత్తిరి ఎండలు. గుడ్డ తడిపి కిటికీకి కడితే నేను తిరిగేలోగా ఎండింది.

ఈ కాలంలో సోడాకు చేతులు చాలవు. దాహానికే తాగుతారనుకునేవాడు ఈ వ్యాపారం చెయ్యలేడు. అజీర్తికి సాదా సోడా. బిడ్డ అలిగితే కలరు. కొత్త పెండ్లాంతో వచ్చినోడు పన్నీరు సోడా, ఆ గులాబీ వాసనకి ఆమె నవ్వితే ఇంకొకటి. కడుపులో వాయువుకు ఇంజి, అంటే అల్లం సోడా. కావడి మోసుకుంటా పూనకం వచ్చి పడినోళ్లకు, పెండ్లిలో కండ్లు తిరిగినోళ్లకు ముఖాన కొట్టేది సోడానే, చెంబునీళ్లకు లేవని మనిషి సోడాకు లేస్తాడు. ఎలక్షను మీటింగంటే పోలీసులు ముందుగా నా దగ్గరికే వస్తారు, బుడ్లన్నీ లోపల పెట్టి తాళమెయ్యమని. ఆ ఒక్క దినం నా సోడా అంటే ప్రభుత్వానికి కూడా భయం.

మధ్యాహ్నం వళ్ళియమ్మ లోపల నుంచి పిలిచింది. ఆమె మంచానికీ నా అంగడికీ మధ్య ఒక గోడే.

"ఇప్పుడు కొట్టింది పన్నీరే కదా?"

"ఎట్ల తెలుసు?"

"సాదాకైతే గోలీ దిగేటప్పుడు టప్పుమంటాది. పన్నీరుకు టప్పుమని, వెనకనే చిన్నగా ఈల."

నిజమే. ఇన్నేండ్లు కొట్టి కూడా నేను వినలేదు.

"ప్రతిదానికీ నా గొంతులో ఏదో కదలతాదయ్యా," అనింది. అడిగినట్టు కాదు. ఊరికే చెప్పినట్టు.

మే 9

మా కొండ మీది కథ. వళ్ళి చేను కాస్తా ఉంటే కొండ మీది సామి మురుగన్ ముసిలోడి వేషంలో వచ్చినాడు. తేనె అడిగినాడు, కొర్రపిండి అడిగినాడు, తిన్నాడు. తిని వెక్కిళ్లు పట్టించుకున్నాడు. "వళ్ళీ, నీళ్లు, నీళ్లు," అన్నాడు. అడవి పిల్ల పరిగెత్తి నీళ్లు తెచ్చి తాగించింది. పెండ్లి దాకా పోయింది కథ. వెక్కిళ్లు నిజమో దొంగవో ఎవరూ అడగలేదు. నీళ్లడిగితే ఇచ్చేదే, అడగరు.

మా ఇంట్లో కథ తిరగబడింది. వళ్ళి అడగతా ఉంది. ముసిలోడి చేతిలో ఉంది చెంబు.

ఈ పొద్దు సాయంత్రం ఆమె నాలిక చూపించింది. ఎండిన చింతతొక్క మాదిరి ఉండాది. అంగడిలో నుంచి ఒక సాదా సోడా తెచ్చి కొట్టి, సగం గ్లాసులో పోసి ఇచ్చినా.

"గీత?" అనింది.

"ఇది గీత లెక్కలోకి రాదు. సోడా అంటే గాలి కదా."

నా ముఖంలోకి కాసేపు చూసింది. తాగింది. తేన్పు వచ్చింది. ఇద్దరం నవ్వినాం. గాలి గాలి మాదిరే బయటికి పోయింది.

మే 10

గాలి.

మే 13

మునిరత్నం మేస్త్రీ అబద్ధం చెప్పే మనిషి కాదు. బుడ్డిని మిషనులో బిగించి తిప్పేటప్పుడు లోపల జరిగేది ఏంది? గాలి పోయి నీళ్లలో కలుస్తాది. కలిసినాక అది ఇంక నీళ్లెట్లయితాది? పాలలో తోడు కలిపితే పాలంటామా? డాక్టరు కాఫీ అన్నాడు, మజ్జిగ అన్నాడు, రసం అన్నాడు. సోడా అనలేదు. సోడా ఆయనకు తెలీకనా?

మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి. ఆమె ముఖం తేటగా ఉండాది.

మే 16

ముఖం నిండుగా ఉండాది. పక్కన పూలమ్మే తాయమ్మ వచ్చి చూసి, "ఏందన్నా, వదిన ముఖం ఇట్ల ఉబ్బింది?" అనింది. తాయమ్మకు ఎవరి ముఖమూ బాగుందని చెప్పే అలవాటు లేదు.

వళ్ళియమ్మ చెప్పులు కాలికి పట్టలేదు. ఎండకు తోలు ముడుచుకుంటాది.

మే 18

కూర్చోనే నిద్రపోతా ఉండాది. పడుకుంటే ఉక్కగా ఉందంట.

మే 19

గాలి.

మే 21

తిరువళ్ళూరు ఆసుపత్రి.

మే 23

మొన్న పొద్దున ఆమె ఊపిరి తీస్తా ఉంటే రొమ్ములో బుడబుడ చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు నాకు తెలుసు. సగం నిండిన బుడ్డిని చెవి దగ్గర ఊపితే వచ్చేదే. పెదాలు నీలం అయినాయి. జయచంద్ర వ్యాను తెచ్చినాడు, నీళ్ల పెట్టెలు మోసే వ్యాను. పెట్టెలు రోడ్డు మీద దించి ఆమెను ఎక్కించినాం.

సూదులేసినారు, ముక్కుకు గొట్టం పెట్టినారు. సాయంత్రానికి ఊపిరి దారికొచ్చింది. డాక్టరు శివప్రకాశం కబురు విని ఆసుపత్రికే వచ్చినాడు. వచ్చి నా ముందు నిలబడినాడు.

"యారు తణ్ణి కొడుత్తదు?" నీళ్లు ఎవరిచ్చినారు అని.

నా నోరు తెరుచుకుంది.

గొట్టం పక్కకు తీసి వళ్ళియమ్మ చెప్పింది, "నేనే సామీ. ఆయన అంగట్లో ఉన్నప్పుడు కుండలో ముంచుకుని తాగినా. దొంగతనంగా."

డాక్టరు ఆమెను తిట్టినాడు. చిన్నపిల్లను తిట్టినట్టు తిట్టినాడు. ఆమె తల వంచుకుని విన్నది. నేను పక్కన నిలబడి విన్నా. జయచంద్ర కూడా "ఎందుకత్తా ఇట్ల చేసినావు?" అన్నాడు. "తప్పయిపోయింది నాయనా," అనింది వాడితో.

నాకేసి ఒక్కసారి కూడా చూడలేదు.

మే 24

నీళ్లే.

జూన్ 3

ఇంటికొచ్చినాం. గీత కొంచెం దిగింది. డాక్టరు కొత్త ప్లాస్టరు వేసినాడు.

వచ్చిన మధ్యాహ్నమే ఎవరో సోడా అడిగినారు. కొట్టినా. టప్. లోపల మంచం కిర్రుమనింది. గొంతులో ఏదో కదలతాదని అప్పుడెప్పుడో చెప్పింది కదా. ఇంకొకడు అడిగితే లేదన్నా.

జయచంద్రకు చెప్పి పంపినా. రెండు పెట్టెలు దించమని.

జూన్ 5

సోడా మిషను మీద గోనెపట్టా కప్పినా. బుడ్లన్నీ పెరట్లోకి చేర్చినా. సీలు సీసాలు వరసగా పెట్టి కూర్చున్నా. దీనికి గోలీ లేదు, గాలి లేదు. మూత తిప్పితే చిటుక్కుమంటాది, ఎండుపుల్ల విరిగినట్టు. గోడ అవతలికి వినపడదు.

తాయమ్మ ఊరుకుంటాదా?

"అన్నా, నీళ్లమ్మితే పాపమని మైకు పెట్టినట్టు చెప్పినావే!"

"కాలం మారింది తాయమ్మా."

"కాలం కాదు, నువ్వు మారినావు. రేపు గాలి కూడా సీసాల్లో పెట్టి అమ్మతావు."

"అదే నలభై ఏండ్లు అమ్మినా," అన్నా. ఆమెకు నవ్వొచ్చింది. నాకు రాలేదు.

చెంబు మాత్రం తియ్యలేదు. ఊరికే అడిగినవాడికి ఊరికే బావినీళ్లు. పెరట్లోకి పోయి తెచ్చిస్తా. బకెట్‌కు గుడ్డ చుట్టినా, చప్పుడు కాకుండా.

జూన్ 12

ఈ నీళ్లు కొనేవాళ్లు ఎవరా అని చూస్తా ఉండా. మద్రాసు కార్లవాళ్లు కొంటారు, ధర అడగరు, సీలు మాత్రం కండ్లకు దగ్గరగా పెట్టి చూస్తారు. బొంబాయి నుంచి వచ్చిన సేట్లు కొంటారు. కడుపు చెడి కొండ దిగినవాళ్లు కొంటారు. కొత్త పెండ్లికొడుకు ఒకడు కొన్నాడు, తాగలేదు, చేతిలో పట్టుకుని ఫోటో దిగినాడు.

"తాత్తా, కూలింగ్ ఇల్లియా?" అంటాడు ఒకడు. చల్లగా లేకపోతే వాడికి అవి నీళ్లే కావు.

ఖాళీ సీసాలకు ఇంకొక గిరాకీ. కూలికి పోయేవాళ్లు వాటిని ఏరుకుని చేతిపంపు నీళ్లు పట్టుకుని నడుముకు కట్టుకుంటా ఉండారు. ఆరు నెలల్లో కంపెనీ కంటే ఆ చేతిపంపుకే ఎక్కువ పేరొస్తాది.

జయచంద్ర నాకు పాఠం చెప్పినాడు. మినరల్ నీళ్లలో ఉప్పులుంటాయంట, మంచివి. డిస్టిల్డ్ నీళ్లలో ఏమీ ఉండదంట, అవి లారీ బ్యాటరీకి, ఆసుపత్రిలో సూదిమందుకు. పల్లె నుంచి వచ్చిన రెడ్డి ఒకాయన ఇది విని, "ఏమీ లేని నీళ్లు ఇంజను నడిపిస్తాయి, ఉప్పుండేవి మనిషిని నడిపిస్తాయా? అయితే మా ఊరి ఉప్పుబావి నీళ్లు తాగి మేం ఎగరాల కదా," అన్నాడు. జయచంద్ర పెట్టెలు లెక్కపెట్టుకోను పోయినాడు. ఏదీ లేని నీళ్లు ఉంటాయనేది మాత్రం నాకు కొత్త. అట్లాంటివి కాళ్లలో నిలబడవా అని అడగబోయి ఊరుకున్నా. ఇంకొక మేస్త్రీ మాట నాకు వద్దు.

జూన్ 20

జయచంద్ర అందరికీ చెప్పుకుంటా ఉండాడు. "మామకు చదువు లేదు గానీ మార్కెట్టు తెలుసు. సోడా కాలం అయిపోయిందని అందరికంటే ముందు పసిగట్టినాడు." కంపెనీ మనిషిని కూడా పిలుచుకొచ్చినాడు, టై కట్టుకున్నాడు ఎండలో. నాతో చెయ్యి కలిపినాడు. నా బొటనవేలు నలభై ఏండ్లు గోలీలు నొక్కి నొక్కి కాయకట్టుండాది, అది తగిలి ఉలిక్కిపడినాడు.

మిషను కొంటానని ఊత్తుకోట నుంచి దండపాణి అనే ఆయన కబురు చేసినాడు. కొండ మీద ఆడికృత్తిక తిరునాళ్లకు ముందు వచ్చి తీసకపోతాడంట. సరే అన్నా.

జూన్ 27

వళ్ళియమ్మ నీళ్లు అడగడం మానేసింది. మంచిదే. అలవాటు పడింది.

జూన్ 30

గీత దాకా కూడా తాగడం లేదు. సాయంత్రానికి సీసాలో మిగిలే ఉంటాది. మంచిదే. డాక్టరు సంతోషిస్తాడు.

జూలై 4

మాట్లాడడం కూడా తగ్గించింది. గోడవైపు తిరిగి పడుకుంటాది. మాట్లాడితే నోరు ఎండుతాది కదా, అందుకని.

జూలై 9

మధ్యాహ్నం అంగడిలో కునుకు పట్టింది. ఏదో రాసుకున్న చప్పుడయితే లేచినా. వళ్ళియమ్మ గోడ పట్టుకుని వాకిట్లో నిలబడుంది. మంచం దిగి ఇన్ని దినాలయింది. కాళ్లు అదురుతా ఉండాయి.

"ఎందుకు లేచినావే? పడితే?"

"నువ్వుండావా లేదా అని చూసేదానికి."

"యాడికి పోతా?"

కూలబడింది. నేనూ పక్కన కూర్చున్నా. ఊపిరి అందేదాకా ఆగి చెప్పింది.

"అంగడి పడిపోయింది కదయ్యా? నాకు చెప్పకుండా ఊరికే వచ్చి కూర్చుంటా ఉండావు కదా, దినమంతా? నా జబ్బుకి అమ్ముకున్నావా మిషను?"

"లేదే. సీలు నీళ్లు అమ్మతా ఉండా. బాగానే పోతాయి."

"ఏ సందడీ లేదే?"

"దానికి చప్పుడుండదు."

"చప్పుడు లేకపోతే నాకెట్ల తెలుస్తాది?" కసిరింది. నెల దినాల తర్వాత కసిరింది. "పెండ్లయిన మర్నాటి నుంచి ఆ టప్పు టప్పు వింటానే వండినా, వింటానే బిడ్డను కన్నా, వింటానే పూడ్చినా. ఆ చప్పుడాగితే నువ్వు భోజనానికి వస్తా ఉండావని కూడు పెట్టేదాన్ని. ఇప్పుడు పొద్దు ఎక్కడుందో తెలీదు. నువ్వుండావో లేవో తెలీదు. నువ్వే ముందు పోయినావేమో, నాకు చెప్పలేక అందరూ గమ్మునుండారేమో అనుకుంటా పడుకోనుంటా."

"అది వింటే నీకు దాహమవుతుందని..."

"అవుతాది. బతికుండా కదా."

తాయమ్మ అవతల పూలకు నీళ్లు చల్లతా ఉంది.

"ఆసుపత్రిలో ఎందుకట్ల చెప్పినావు, కుండలో ముంచుకున్నానని?"

"మరి? నువ్విచ్చినావని చెప్తే రేపటి నుంచి నా నోట్లో మూతెడు నీళ్లు ఎవరు పోస్తారు? నీ చెయ్యి అదరతాది." తర్వాత అనింది, "గాలని నువ్వు చెప్తే నేను నమ్మినానా? సోడా నాయుడి పెండ్లాన్ని నేను."

జూలై 15

దండపాణి ఎద్దులబండితో వచ్చినాడు. మిషను మీద గోనె తీసి చూసి, నిమిరి, మంచి సరుకు అన్నాడు. ఇవ్వనని చెప్పినా.

"మాటంటే మాట నాయుడూ."

"నిజమే సామీ. తప్పే. కూర్చో, ఎండన పడి వచ్చినావు."

పెరట్లో నుంచి బుడ్లు తెచ్చి, కడిగి, కొత్త వాషర్లేసి, బావినీళ్లు పట్టి, మిషను తిప్పినా. భుజం పట్టుకుంది. దండపాణే తిట్టుకుంటా వచ్చి ఒక చెయ్యేసినాడు. మొదటి బుడ్డి ఆయనకే కొట్టినా. నెలకు పైగా అయింది, బొటనవేలు మరిచిపోయిందేమో అనుకున్నా. మరిచిపోలేదు.

గోడ అవతల నుంచి, "సాదా," అని వినిపించింది.

ఆడికృత్తిక

పొద్దుటి నుంచి కావళ్లు. వీధి నిండా పసుపు గుడ్డలు, "అరోహరా" అని కేకలు, డప్పులు. జయచంద్ర పెట్టెల మీద పెట్టెలు దించినాడు, అవీ పోయినాయి. ఒక పక్క సీలు నీళ్లు, ఒక పక్క సోడా. వాడు మొదట అలిగినాడు, "కంపెనీవాళ్లు చూస్తే ఏమనుకుంటారు మామా," అని. తర్వాత జనాన్ని చూసి వాడే చొక్కా విప్పి మిషను తిప్పినాడు.

పూనకం వచ్చి పడిన ఒక ముసిలామెకు ముఖాన సోడా కొట్టినారు. కండ్లు తెరిచి, మిగిలింది చూసి, "అది పారబోస్తారా ఏంది, ఇట్లియ్యి," అని లాక్కుని తాగింది.

సాయంత్రం జనం పలచబడినాక లోపలికి పోయినా. కిటికీలో సీసా ఉండాది, గీత కింద రెండు మూతల నీళ్లు మిగుల్చుకోనుంది. కాళ్లు మళ్లీ వాచుండాయి. గీత దాటలేదు, నేను కాపలా ఉండా, అయినా వాచుండాయి. ఈసారి ఎండ అనీ తోలు అనీ రాయను. వాచుండాయి.

నా చేతిలో ఒక పన్నీరు సోడా ఉండాది. నాకోసం. ఈ వ్యాపారంలో దిగినప్పటి నుంచి నేను సోడా తాగినవాణ్ణి కాను, మిఠాయి అంగడోడు మిఠాయి తినడు. కొట్టడానికి వాకిట్లోకి పోబోయినా.

"యాడికి? ఇక్కడనే కొట్టు."

"నోరు ఎండతా ఉండాదా?"

"ఎండతా ఉంది. అయినా కొట్టు."

మంచం అంచున కూర్చుని, బుడ్డి ఆమె చెవి దగ్గరగా పట్టుకుని కొట్టినా. గోలీ దిగింది. ఆమె కండ్లు మూసుకుని, వెనకనే వచ్చే ఆ చిన్న ఈల అయిపోయేదాకా విన్నది.

"ఇప్పుడు తాగు," అనింది.

తాగినా. ఆమె నా గొంతునే చూస్తా ఉంది, గుక్క గుక్కకూ, తను మింగతా ఉన్నట్టు. బుడ్డి ఖాళీ అయినాక నాకు పెద్ద తేన్పు వచ్చింది.

"గాలిలే," అని నవ్వింది.